ఆ బోర్డు మీద మా సంతకం

మా కళాశాల మేడమెట్ల ప్రక్కన ఒక నల్లబల్ల ఉన్నది. దాని పైభాగాన ఒకవైపు తెలుగులోను, మరొకవైపు ఉర్దూలోను ‘చరిత్రలో ఈ రోజు’ అనే మాటలు తెల్లరంగుతో వ్రాసి ఉంటాయి. ప్రతి ఉదయం మొదటి గంట కొట్టకముందే ఒక విద్యార్థి సుద్దముక్కతో ఆ తేదీన లోకంలో జరిగిన నాలుగైదు సంగతులను వ్రాస్తాడు. తెలుగు భాగాన్ని చదివి అడుగున సంతకం చేయడం మా విధి. ఉర్దూ భాగానికి ఉర్దూ శాఖవారు చేస్తారు. సంతకం చేయడమంటే అక్షరదోషాలు లేవని చెప్పడం మాత్రమే కాదు, అక్కడ ఉన్న సంగతులు నిజమని పూచీ పడడం. తరగతిలో ఎవరు ఏ మాట చెప్పినా ‘ఆధారమేమిటి?’ అని అడగడం మాకు మొదటినుంచీ అలవాటు. ఆ అలవాటువల్ల విద్యార్థులు మాకు ‘ఆధారం సారు’ అని పేరు పెట్టుకొన్నారు. మా వెనుక అనుకొనే పేరే అయినా, మెట్లమీద మాటలు వరండా చివరి వరకూ వినిపిస్తాయి.

2022 డిసెంబరు 28, బుధవారం. ఆ యేడు బోర్డు వ్రాసే పని బి.ఏ. రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు చూచేవాడు. గుండ్రని, పొందికైన దస్తూరి. మితభాషి. ఆనాడు అతడు వ్రాసినవి ఐదు వాక్యాలు. 1879లో స్కాట్లండులో టే నదిపై రైలు వంతెన తుఫాను గాలికి కూలిపోయినది. 1885లో బొంబాయిలో భారత జాతీయ కాంగ్రెసు ప్రథమ సమావేశం ఆరంభమైనది. 1895లో పారిస్ నగరంలో లూమియేర్ సోదరుల చలనచిత్రాలను రుసుముపై మొదటిసారిగా ప్రదర్శించారు. 1908లో ఇటలీలో మెస్సీనా భూకంపం సంభవించినది. ఐదవ వాక్యం ఇది: ‘నేడు అమెరికాలో పేకాట దినం.’

మేము నవ్వుకొన్నాము. వంతెన కూలిన దుఃఖము, భూకంపము, కాంగ్రెసు, సినిమా, వాటి సరసన పేకాట! లోకంలో ఏ రోజుకు ఏ పండుగ పెడతారో చెప్పలేము కదా అనుకొని సంతకం చేశాము. గంట కొట్టారు. అంతటితో ఆ సంగతి మరచిపోయాము.

ఆ రాత్రి వసతిగృహపు వార్డెనుగారు సెలవులో ఉండగా ఆయన బదులు పర్యవేక్షణ మా వంతు వచ్చినది. పది గంటలు దాటిన తరువాత పై అంతస్తులో నవ్వులు వినిపించగా వెళ్ళి చూశాము. ఒక గదిలో నేలపై దుప్పటి పరచి, నలుగురు విద్యార్థులు చుట్టూ కూర్చుండి పేకాడుతున్నారు. మమ్మల్ని చూడగానే లేచి నిలుచున్నారు. ఒకని ఒడిలోనుండి ముక్కలు జలజల రాలినవి. డబ్బేమైనా పెట్టారా అని అడిగాము. లేదన్నారు. నిజంగానే దుప్పటిమీద పైసా లేదు. ఓడిన జట్టు మరునాడు గెలిచిన జట్టు పళ్ళాలు కడగాలట, అదీ పందెం.

వసతిగృహంలో పేకముక్కలు కనబడితే గృహంనుండి తొలగించవచ్చునని నియమావళిలో స్పష్టంగా ఉన్నది. ఆ మాటే అన్నాము. అప్పుడు నలుగురిలో కొంచెం చొరవగల కుర్రవాడు చేతులు కట్టుకొని, “సార్, ఈ రోజు పేకాట దినం కదండీ. ప్రొద్దున బోర్డుమీద మీరే సంతకం పెట్టారు” అన్నాడు.

మిగిలిన ముగ్గురూ తలలు దించుకొని నవ్వు ఆపుకొన్నారు. మాకు కోపం వచ్చిన మాట నిజం. సమాధానం తోచనప్పుడు వచ్చే కోపం ఎక్కువగా ఉంటుంది. పేకదస్తాను తీసుకొన్నాము. ఆ గదిలోనే గోడవైపు మంచంమీద మరొక విద్యార్థి, మన బోర్డు వ్రాసే అబ్బాయే, దుప్పటి కప్పుకొని ఒత్తిగిలి పడుకొని ఉన్నాడు. ముఖంమీద ఫోను వెలుగు పడుతున్నది. ఏదో పాఠం చదువుకొంటున్నాడనుకొన్నాము. “చూడండి, ఇంత గొడవలోను అతడు తన చదువేదో తాను చదువుకొంటున్నాడు. మీకు ఆ మాత్రం బుద్ధి లేదా?” అని ఆ నలుగురినీ మందలించి వచ్చాము. అతడు మావైపు తిరగలేదు. వినయమనుకొన్నాము.

గదికి వచ్చి దస్తాను బల్లమీద పెట్టాము. ముప్ఫయి దాటిన వయస్సులో పేకముక్కలను అంత దగ్గరగా చూడడం మాకు అదే మొదలు. మా ఇంట పేక పేరెత్తకూడదు. దానికి కారణమున్నది.

మాది బందరు. మా దాదా దర్జీ. ఒక సంక్రాంతికి, కనుమనాటి రాత్రి, ఆయన మూడు ముక్కలాటలో కుట్టుమిషనును ఒడ్డి పోగొట్టుకొన్నారు. తెల్లవారి ఇద్దరు మనుషులు వచ్చి మిషనును రిక్షాలో ఎక్కించుకొని పోతుంటే మా అబ్బా గుమ్మంలో నిలబడి చూశారు. ఆయనకప్పుడు తొమ్మిదేళ్ళు. మిషను ఉన్నచోట గచ్చుమీద నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలినవి. పదకొండు నెలలపాటు దాదా ఆ గుర్తుల ప్రక్కనే చాప వేసుకొని చేతికుట్టుతో చొక్కాలు కుట్టారు. చివరకు దాదీ చెవికమ్మలు అమ్మి పాత మిషనొకటి కొన్నారు. దాదా మరి పేక ముట్టలేదు. అబ్బా ఇంటికి ఎవరైనా పేకముక్కల బొమ్మ ఉన్న క్యాలెండరు తెచ్చినా గోడకు తగిలించనిచ్చేవారు కాదు. ఈ కథ మాకు డిగ్రీ చదివే రోజుల వరకూ తెలియదు. అబ్బా చెప్పలేదు, దాదీ చెప్పారు.

అందుచేత మేము పేకాట ఎరుగము. ఎరుగకుండానే ‘కన్యాశుల్కం’లోని పేకాట ఘట్టాన్ని ఏటేటా తరగతిలో పాఠం చెబుతూ వచ్చాము! పోలిశెట్టి చేతిలో ఉన్నవి ఏ ముక్కలో, వాళ్ళ మాటల్లో ఎత్తుపొడుపు ఎక్కడున్నదో తెలియక, గురజాడవారి హాస్యమని గంభీరంగా ఒక మాట అని ప్రక్క పుటకు పోయేవాళ్ళము. వెనుక బల్లలవారు ఎందుకు నవ్వేవారో ఇప్పుడు తెలుస్తున్నది.

ఆ రాత్రి ముక్కలను రంగుల వారీగా పేర్చి చూశాము. ఏబదిరెండు, ఒక జోకరు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. ఈ మాటలు బందరు వీథుల్లో చిన్ననాట విన్నవే. కళావరు అనేది డచ్చివారి ‘క్లావరెన్’, ఆఠీను వారి ‘హార్టెన్’. పదిహేడవ శతాబ్దిలో మా బందరులోను, పులికాటులోను, భీమునిపట్నంలోను వస్త్రాల వ్యాపారానికి వచ్చిన డచ్చివారు కోటగోడలను, సమాధులను వదలిపోయారని చరిత్ర చెబుతుంది. పేకముక్కల పేర్లను కూడా వదలిపోయారు. తెలుగువారు ఏ వాదనలోనైనా ఆఖరున బయటకు తీసే ‘తురుపు ముక్క’ కూడా వారి ‘ట్రూఫ్’ అనే మాటనుండి వచ్చినదే. సమాధుల మీది శిలాశాసనాలు అరిగిపోతున్నవి. తురుపు మాత్రం నిక్షేపంగా ఉన్నది.

ఉర్దూలో వరుస వేరు. ఇస్పేటు హుకుం, ఆఠీను పాన్, అంటే తమలపాకు, డైమను ఈంట్, అంటే ఇటుక, కళావరు చిడీ. రాజు బాద్‌షా, జాకీ గులాం. ఈ గులాము కథ వింతైనది. ఈజిప్టులో మమ్లూకు సుల్తానుల కాలపు పేకముక్కలు ఇస్తాంబూలులోని తోప్‌కాపీ ప్రాసాదంలో ఉన్నవి. వాటి రంగులు నాలుగు: కప్పు, నాణెం, కత్తి, చౌగాను కర్ర. వాటిలో రాజు ఉన్నాడు, రాణి లేదు. రాజు క్రింద నాయబు, అతని క్రింద రెండవ నాయబు. స్పెయిను దేశస్థులు ఈనాటికీ పేకను ‘నైపెస్’ అంటారు. అది ఈ నాయబు నుండే వచ్చినదని పండితుల అభిప్రాయం. మన తాలూకా కచ్చేరీలలో నాయబు తహసీల్దారు అని విన్నాము కదా, ఆ నాయబే. అక్కడ రాజప్రతినిధిగా ఉన్న ముక్క మన దగ్గరకు వచ్చేసరికి గులామయినాడు. ఉద్యోగాలలో ఇటువంటి మార్పులు సహజమే.

బాబరు పాదుషా 1527లో సింధు దేశాధిపతి కోరగా గంజీఫా ముక్కలను పంపించినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. అక్బరు ఆడిన పన్నెండు రంగుల పేకను అబుల్ ఫజల్ ‘ఐనె అక్బరీ’లో వర్ణించాడు. ఆ రంగుల పేర్లు అశ్వపతి, గజపతి, నరపతి అంటూ సాగుతాయి. అనగా పారశీకపు ఆటకు సంస్కృతపు పేర్లు. తరువాత దశావతారాలను పది రంగులుగా చేసి నూట ఇరవై ముక్కల గంజీఫాను మన చిత్రకారులు వ్రాశారు. మన నిర్మల్ చిత్రకారులు కూడా గంజీఫాలు వ్రాసినవారే. రామావతారపు ముక్కను ఒక మౌల్వీ కొడుకు వేయగా, దానిని కొట్టే ముక్కకోసం ఒక పురోహితుని కొడుకు వెదకుకొన్న సాయంకాలాలు ఈ దేశంలో తప్పక ఉండి ఉంటాయి. ఇది మా ఊహ. దీనికి ఆధారమడిగితే మావద్ద లేదు.

అట్లు ముక్కలు పేర్చుకొంటూనే ప్రొద్దుటి బోర్డు జ్ఞాపకం వచ్చినది. పేకాట దినమును పెట్టినవారికి తెలిసి పెట్టారో లేదో గాని, డిసెంబరు 28కి పేకకు నిజంగానే ఒక చుట్టరికమున్నది. 1895లో ఆ తేదీన, శనివారమునాడు, పారిస్‌లో గ్రాండ్ కఫే అనే కాఫీశాల నేలమాళిగలో, ఒక ఫ్రాంకు రుసుము ఇచ్చి ముప్ఫయిముగ్గురు కూర్చున్నారు. ఆ గదికి ‘ఇండియన్ సెలూను’ అని పేరు. ఒక్కొక్కటి నిమిషమైనా లేని పది చిత్రాలు చూపారు. ప్రదర్శన ఏర్పాటు చేసినవాడు సోదరుల తండ్రి ఆంత్వాన్ లూమియేర్. మరుసటి యేడు వారు తీసిన చిత్రాలలో ఒకటి ‘పేకాట’: తోటలో బల్ల చుట్టూ ముగ్గురు పెద్దమనుషులు పేకాడుతుండగా, పానీయం తెచ్చిన నౌకరు పకపక నవ్వుతాడు. ఆ ముగ్గురిలో ఆంత్వాన్ ఒకడు. మొదటినాటి ప్రదర్శనకు వచ్చిన ఇంద్రజాలికుడు జార్జి మెలియే తానూ చిత్రాలు తీయసాగాడు. 1896లో అతడు తీసిన మొట్టమొదటి చిత్రం కూడా పేకాటే! చంద్రలోకయాత్రను తెరకెక్కించిన మహానుభావుడు అక్షరాభ్యాసం చేసినది పేకముక్కలతో. ఆ యేడే జూలై 7న లూమియేర్‌ల చిత్రాలు బొంబాయి వాట్సన్ హోటలుకు వచ్చినవి.

బొంబాయిలో మరొక గది. సరిగా పది సంవత్సరాల ముందు, 1885 డిసెంబరు 28న, గోకుల్‌దాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో డెబ్బయిరెండుగురు ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆ సభ పూనాలో జరగవలసినది. అక్కడ కలరా వ్యాపించినందున బొంబాయికి మార్చారు. ఉమేశచంద్ర బెనర్జీ అధ్యక్షుడు. మన ప్రాంతంనుండి కట్టమంచివారైన పనప్పాకం ఆనందాచార్యులుగారు, గుత్తి కేశవపిళ్ళెగారు వెళ్ళారు. ఆనందాచార్యులుగారు 1891లో నాగపూరు సభకు అధ్యక్షులయ్యారు. ఆ డెబ్బయిరెండుగురిలో ముస్లిములు ఇద్దరు. వారిలో రహిమతుల్లా సయానీ 1896లో కలకత్తా సభకు అధ్యక్షుడయ్యాడు. అంతకుముందే, 1887లో మద్రాసు సభకు బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షత వహించాడు.

మా విద్యార్థులకు ఈ రెండు పేర్లు చెప్పినప్పుడల్లా వారి ముఖాలు ఒక విధంగా మారడం గమనించాము. ‘మనవాళ్ళు ఇద్దరేనా?’ అని కొందరు, ‘ఇద్దరున్నారా!’ అని కొందరు. ఒకే అంకె రెండు విధాల వినబడుతుంది. మేము ఈ రెండవవారి పక్షము. ఖాళీ కుర్చీలను లెక్కపెడుతూ కూర్చుంటే సభలో ఏమి మాట్లాడుకొన్నారో వినబడదు.

ఇట్లు ఆలోచించుకొంటూ, నాలుగు గోడల మధ్య కొందరు మనుషులు ఒకచోట చేరి కూర్చుండడంలో ఏది చరిత్ర, ఏది నేరము అని మాకు మేమే ప్రశ్న వేసుకొని, ఉపన్యాసకుల అలవాటు ప్రకారం జవాబు కూడా చెప్పుకొని, సుఖంగా నిద్రపోయాము. సుఖంగా నిద్రపోయిన మాటను ఇక్కడ దాచడం లేదు.

వారం తిరగకముందే క్రమశిక్షణ సంఘం కూర్చున్నది. నలుగురు విద్యార్థులూ బయట నిలుచున్నారు. లోపల మేము కూడా ఒక విధంగా ముద్దాయిలమే. బోర్డు సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయినది. ఉర్దూ శాఖ పెద్దలు మా పట్ల వాత్సల్యం గలవారు. అయినా ఆయన మాట సూటిగా ఉంటుంది. “మియా, ఖుర్ఆన్‌లో మైసిర్‌ను, అంటే జూదాన్ని, మద్యంతో కలిపి నిషేధించారు. ఆ సంగతి మీకు మేము చెప్పాలా? మన కళాశాల గోడమీద ‘పేకాట దినం’ అని వ్రాసి ఉంటే, ఫీజు కట్టడానికి వచ్చిన తండ్రి ఏమనుకొంటాడు?” అన్నారు. మేము తలవంచుకొన్నాము.

ఆ నలుగురి తరఫున మాత్రం ఒక మాట చెప్పాము. హైదరాబాదు జూద చట్టం క్రింద సికింద్రాబాదులోని ఒక క్లబ్బుమీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పు ఇచ్చినది. తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి హిదాయతుల్లా. రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదని, పడిన ముక్కలను గుర్తుంచుకోవడంలో, ఏది ఉంచాలో ఏది వదలాలో నిర్ణయించడంలో నేర్పు కావాలని, అందుచేత అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని ఆయన అన్నారు. అయితే ఆ ఆటనుండి క్లబ్బువారు జూదపు లాభం తీస్తున్నట్లు రుజువైతే సంగతి వేరని కూడా అన్నారు. డబ్బు లేని చోట, పళ్ళాలు కడిగే పందేనికి కుర్రవాళ్ళ చదువు చెడగొట్టవద్దని మా విన్నపము. మా దాదా మిషను సంగతి సభలో చెప్పలేదు. మూడు ముక్కలాటకు, ఈ ఆటకు గల భేదం మాకంటే బాగా తెలిసినవారు ఆ గదిలో ఎవరూ లేరన్నది మాత్రం మాకు తెలుసు.

ప్రిన్సిపాలుగారు పెద్దమనసుతో విన్నారు. నలుగురూ క్షమాపణ పత్రం వ్రాసి, ఒక నెలపాటు సాయంకాలం గ్రంథాలయంలో పుస్తకాలు సర్దాలని తీర్మానమైనది. మమ్మల్ని మాత్రం ఆ ఐదు వాక్యాలకూ ఆధారాలు చూపుతూ వివరణ వ్రాసి ఇవ్వమన్నారు. న్యాయమైన కోరికే. నాలుగు వాక్యాలకు గ్రంథాలయంలోని పుస్తకాలు చూచి ఆధారాలు వ్రాశాము. టే వంతెన ఇంజనీరు థామస్ బౌచ్. కూలినప్పుడు దానిపై ఉన్న రైలులోనివారు ఒక్కరూ బ్రతకలేదు. మెస్సీనాలో తెల్లవారుజామున భూమి కంపించినది, వెనువెంటనే సముద్రం పైకి వచ్చినది, కనీసం 75,000 మంది మరణించారు. ఐదవ వాక్యం వద్ద కలం ఆగినది. ‘అమెరికాలో డిసెంబరు 28ని పేకాట దినమని జరుపుకొనే వాడుక ఉన్నది. ప్రభుత్వపు సెలవు కాదు’ అని మాత్రం వ్రాయగలిగాము. ఆ సంగతి మా బోర్డుమీదికి ఎక్కడినుండి వచ్చినదో ఆ అబ్బాయిని అడగనే లేదు. అడిగి ఉండవలసినది. సంఘంవారు కూడా అడగలేదు. అతడు ఆటలో లేడు కదా.

జనవరి చివరన ఫీజు బకాయిల జాబితాలో అతని పేరు కనబడినది. ఆ రోజుల్లో ప్రభుత్వం ఫీజు సొమ్మును తల్లుల బ్యాంకు ఖాతాలలో జమ చేసేది. తల్లి దానిని కళాశాలకు చెల్లించాలి. ఇంకా జమ కాలేదని అతడు రెండు నెలలుగా చెబుతున్నాడట. గుమాస్తాగారు అనుమానించి ఇంటికి ఫోను చేశారు. మరునాడు తల్లి వచ్చినది. మిరపకాయల తొడిమలు తీసే కూలిపని ఆమెది. వేళ్ళ మంట తగ్గడానికి పూసుకొన్న కొబ్బరినూనె జాడ చేతి సంచిమీద ఉన్నది. “డబ్బు నవంబరులోనే పడింది సార్. మావాడికే ఇచ్చాను, కట్టేశానన్నాడు” అన్నది. అతడు తల్లి ప్రక్కన నిలుచున్నాడు. ఎవరివైపూ చూడలేదు. డిసెంబరు 28 రాత్రి కూడా అట్లే మావైపు చూడలేదని అప్పుడు గుర్తు వచ్చినది.

సాయంకాలం మా గదికి పిలిచి కూర్చోబెట్టాము. చాలాసేపటికి ఫోను తీసి మా చేతికిచ్చాడు. రమ్మీ. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే అటువంటి ఆటలను 2020లోనే నిషేధించారు. అయితే ఫోను వేరొక రాష్ట్రంలో ఉన్నట్లు చూపించే ఉపాయమొకటి ఉన్నదట. వసతిగృహపు మంచంమీద పడుకొని అతడు మూడు నెలలు మరొక రాష్ట్రంలో కాపురమున్నాడు. పోయినది 18,500 రూపాయలు. మొదట రెండు వందలు పెడితే ఆరు వందలు వచ్చినవి. అమ్మకు ఒక చీర కొన్నాడు. ఆ తరువాత కథ చెప్పనక్కరలేదు, మా గచ్చుమీది నాలుగు కాళ్ళ గుర్తులు మాకు తెలుసు.

ఫోనులో వచ్చిన సందేశాలను క్రిందికి జరుపుతూ ఉండగా ఒకచోట మా వ్రేలు ఆగిపోయినది. 2022 డిసెంబరు 28, ఉదయం ఆరు గంటల ప్రాంతంలో వచ్చిన సందేశమది. ఈ రోజు పేకాట దినమని, ఆ సందర్భంగా ఈ రోజు డబ్బు కడితే అదనపు సొమ్ము కలుపుతామని.

“బోర్డు మీద వ్రాసింది ఇది చూచేనా?” అని అడిగాము.

“అవును సార్. నాలుగు వాక్యాలే దొరికాయి. ఐదోది కావాలి కదా అని వ్రాశాను.” కొంచెం ఆగి, “మీరు ఎక్కడిదని అడుగుతారనుకొన్నాను సార్. అడిగితే చెప్పేద్దామనుకొన్నాను” అన్నాడు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో మాకు ఇంత నొప్పి కలిగించిన మాట మరొకటి లేదు. ప్రతి వ్యాసంలో, ప్రతి జవాబుపత్రంలో ఆధారమడిగే మేము, అడగవలసిన ఒక్క ఉదయాన నవ్వి సంతకం చేశాము. ఆనాడు అతడు మూడు వేలు కట్టాడు. రాత్రి మేము ఆ గదిలో నిలబడి, అతనిని చూపి, మిగిలిన నలుగురికి బుద్ధి చెబుతున్న సమయాన ఆ మూడు వేలూ పోతూ ఉన్నవి. భారతంలోని ద్యూతఘట్టం మేము ఏటేటా చెప్పే పాఠమే. ధర్మరాజు తప్పు గురించి విద్యార్థులు ఎంతైనా మాట్లాడతారు. భీష్మద్రోణులు సభలోనే కూర్చుండి ఉన్నారన్న మాట వద్దకు వచ్చేసరికి మేము ఇదివరకు అంతగా ఆగేవాళ్ళము కాదు.

తరువాతి సంగతులు క్లుప్తంగా చెబుతాము. కళాశాల వారు బకాయిని వాయిదాలలో తీసుకొనడానికి అంగీకరించారు. మొదటి వాయిదాకు కొంత సొమ్ము గ్రంథాలయంలో పుస్తకాలు సర్దుతున్న ఆ నలుగురే తమలో తాము పోగుచేసి తెచ్చారు. ఎందుకురా అంటే, “మా రూమ్‌మేట్ సార్” అన్నారు. ఒకే గదిలో ఉంటూ వారికీ తెలియలేదు. దుప్పటి పరచి ఆడిన ఆట వరండా చివరికి వినబడినది. దుప్పటి కప్పుకొని ఆడినది ప్రక్క మంచానికి వినబడలేదు. డబ్బుతో ఆడే ఫోను ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు 2025లో చట్టం చేసినది. మా విద్యార్థికి అది ఆలస్యంగా వచ్చినది. తరువాతివారికైనా అందితే మేలు.

ఆ సెలవులకు బందరు వెళ్ళినప్పుడు అబ్బాకు ఇదంతా చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “మిషను పోయిన రోజు బందరంతటికీ తెలిసింది. అందుకే మీ దాదా బాగుపడ్డారు” అన్నారు. ఆ విషయం గురించి ఆయన మాతో అన్న మాట అదొక్కటే.

బోర్డు వ్రాసే పనినుండి ఆ అబ్బాయిని తొలగించమని కొందరు సూచించారు. మేము ఒప్పుకోలేదు. ఒక్క మార్పు మాత్రం చేశాము. ప్రతి వాక్యం క్రింద చిన్న అక్షరాలతో అది ఎక్కడినుండి తీసుకొన్నదో వ్రాయాలి. గ్రంథాలయంలోని పుస్తకం పేరు, పుట సంఖ్య. విద్యార్థులు కొన్నాళ్ళు నవ్వారు. ‘ఆధారం సారు’ అనే పేరు మరింత గట్టిపడినది.

2023 డిసెంబరు 28, గురువారం. మేము మెట్ల దగ్గరకు వచ్చేసరికి బోర్డు సిద్ధంగా ఉన్నది. ఆ అబ్బాయి అప్పుడు చివరి సంవత్సరంలో ఉన్నాడు. టే వంతెన, బొంబాయి సభ, పారిస్ ప్రదర్శన, మెస్సీనా. ఒక్కొక్కదాని క్రింద పుస్తకం, పుట. అడుగున ఐదవ వాక్యం మళ్ళీ ఉన్నది: ‘నేడు అమెరికాలో పేకాట దినం.’ దాని క్రింద చిన్న అక్షరాలతో: ‘ఆధారం: ఈ బోర్డు వ్రాసేవాని ఫోను, 2022.’

“ఉంచమంటారా, సార్?” అన్నాడు.

సుద్దముక్క అతని చేతినుండి తీసుకొని సంతకం చేశాము. ఈ వ్యాసం వ్రాయడానికి కూడా అతని అనుమతి తీసుకొన్నాము. గంట కొట్టేలోపల మొదటి సంవత్సరపు కుర్రవాడొకడు బోర్డు ముందు ఆగి, “అన్నా, ఫోను ఆధారమేమిటి?” అని అడిగాడు. అతడు ఆ కుర్రవాని భుజంమీద చేయి వేసి వరండా చివరికి తీసుకొనిపోయాడు. వారిద్దరూ చాలాసేపు అక్కడే నిలబడి మాట్లాడుకొన్నారు. మొదటి గంటకు ఆ కుర్రవాడు మా తరగతికి ఆలస్యంగా వచ్చాడు. కారణం అడగలేదు.